తొట్టి పక్కన విన్న మాట

1వ రోజు

ఈ పుస్తకంలో తప్పు రాస్తే ఒక్క గీతతోనే కొట్టెయ్యాలి. గీత కింద ఏముందో చదవడానికి వీలుండాలి. ఆకు చింపకూడదు. పుస్తకం నా చేతికిస్తూ డాక్టర్ అజీమున్నీసా గారు చెప్పిన మొదటి నియమం ఇది. రెండోది ఇంకా చిన్నది. "చెప్పింది చెప్పినట్టు రాయి, తరళా."

నేను ఎగువ బడిలో మూడేళ్ళు చదివాను. అక్కడ ఒక వస్తువుకు ఒకటే మాట. పరీక్షలో రెండో మాట రాస్తే ఎర్ర సున్నా చుడతారు. నడికట్టకు వచ్చి ఒక్క పూట కాలేదు, అప్పుడే ఈ పుస్తకం చివరి ఆకుల్లో తొమ్మిది కొత్త మాటలు చేరాయి. కట్ట మీది నుంచి ఊళ్ళోకి దిగే మెట్లను ఇక్కడ 'దిగుళ్ళు' అంటారు. పడవ నడిపే ఆయన "దిగుళ్ళు జాగ్రత్త" అంటే, ఎవరికి దిగులని అడిగాను. ఆయన పడవ తాడు వదిలేసి మరీ నవ్వాడు.

ఊరు కట్ట లోపల ఉంది, సముద్రం కట్ట బయట ఉంది. బయటి నీళ్ళు మన తలకంటే ఎత్తున ఉన్నాయన్న సంగతి దిగేటప్పుడు తలుచుకోకపోవడం మంచిది. ఊరిన నీటిని ఏడు పంపులు ఆగకుండా బయటికి తోడుతుంటాయి. అందరూ ఆ చప్పుడును దాటి మాట్లాడాలి కాబట్టి ఇక్కడ గొంతులు పెద్దవి. ఆసుపత్రి మూడో పంపు పక్కనే ఉంది.

2వ రోజు

నా మొదటి పని నీళ్ళు కాచడం. ఇక్కడి వైద్యం ధ్వనితో, గడ్డ ఉన్న చోటును తొట్టి నీళ్ళలో ముంచి చేస్తారు. ధ్వని నీళ్ళలోంచి సాఫీగా పోవాలంటే అందులో గాలి ఉండకూడదు. అందుకని నీళ్ళు మరగబెట్టి, కదపకుండా చల్లార్చి, గోడవారగా నెమ్మదిగా తొట్టిలోకి దించాలి. ఒక్క బుడగ ఉన్నా అది ధ్వనిని పక్కకు తోసేస్తుంది. పొద్దున రెండుసార్లు పారబోయించి మళ్ళీ కాయించారు.

మందు సంగతి కూడా రాసుకుంటాను. దాన్ని రక్తంలోకి ఎక్కిస్తారు. అది ఒళ్ళంతా తిరిగి, ఎక్కువ భాగం గడ్డలో చేరి పడుకుంటుంది. దానంతట అది ఏమీ చెయ్యదు. చెవికి అందని ధ్వని తగిలిన చోట మాత్రమే మేలుకుంటుంది, మేలుకున్న చోట కణాలను చంపుతుంది. ఎగువ బడి పుస్తకంలో దాని పేరు ఒక వరుస నిండా ఉంటుంది. ఇక్కడి వాళ్ళు మూగమందు అంటారు. ఆ మాట రాసుకున్నాక కాసేపు నీళ్ళ సంగతి మరిచిపోయాను.

తొట్టి అడుగున ధ్వని పుట్టించే పరికరం మూకుడు ఆకారంలో ఉంటుంది. అద్దాల గదిలో కూర్చుని డాక్టరు గారు దాన్ని తిప్పుతారు. గడ్డ ఎక్కడుందో తెర మీద ఆవిడకు కనిపిస్తుంది. నొప్పి కనిపించదు. యంత్రాన్ని చల్లబరిచే ఫ్యాన్ల హోరులో రోగి మాట ఆ గదిలోకి వినిపించదు. అందుకే తొట్టి పక్కన వినే మనిషి కావాలి. ఆ వినికిడి పని నేర్చుకోవడానికే బడి నన్ను ఇక్కడికి పంపింది. నేను పలక మీద ఏం రాస్తే అది ఆవిడ తెర మీద పడుతుంది. ఆవిడ దాన్ని బట్టి శక్తిని ఒక మెట్టు పెంచుతారు, లేదా ఆపేస్తారు.

సాయంత్రం నా మొదటి రోగి వచ్చింది. పేరు నాంచారమ్మ, నలభై రెండేళ్ళు, మూడో పంపు మెకానిక్కు. కుడి ముంజేతిలో, మోచేతికి కాస్త కింద, నిమ్మకాయంత గడ్డ. తోడుగా అత్త కోటమ్మ గారు వచ్చింది. నాలుగు విడతల మందు, విడతకూ విడతకూ మధ్య ఆరు రోజులు. గడ్డ కరగకపోతే మోచేతి పైనుంచి చెయ్యి తీసెయ్యాలి. ఈ మాట డాక్టరు గారు నా ముందే చెప్పారు. నాంచారమ్మ తల ఊపి, ఎడమ చేత్తో కుడి చేతి చిటికెన వేలును పట్టుకుంది.

పంపు ఒంటి మీద చిటికెన వేలు ఆనించి లోపల ఏ బేరింగు అరిగిందో చెబుతుందట. చెవులు ఆ హోరుకు ఎప్పుడో మొద్దుబారాయి, వేలు మాత్రం వింటుందని ఆమే చెప్పింది. నేను అది కూడా రాసుకుంటుంటే, "తుమ్మినా రాస్తావా ఏంటి, రాతలమ్మా?" అంది. అప్పటినుంచి ఆమెకు నా పేరు రాతలమ్మే.

4వ రోజు

మొదటి విడత. మూగమందుకు వెలుతురు కూడా పడదు కాబట్టి కిటికీలకు దట్టమైన తెరలు, గదిలో ఒక ఎర్రదీపం. నాంచారమ్మ చెయ్యి తొట్టిలో పెట్టింది. చర్మం మీది సన్నటి వెంట్రుకలకు బుడగలు పట్టుకుంటాయి. వాటిని కోడి ఈకతో ఒక్కొక్కటే తుడిచాను. ఆమె చక్కిలిగింతలని నవ్వింది.

పది నిమిషాలకు, "నోరంతా తియ్యగా అవుతుంది, బెల్లం పాకం నాకినట్టు" అంది. నేను ఆత్రంగా పలక మీద 'తీపి' అని రాశాను. శిక్షణ పుస్తకంలో ఉన్నదే ఇది. నాలుక మీద తీపి తెలిస్తే మందు మేలుకున్నట్టు గుర్తు, అప్పుడు శక్తిని ఒక మెట్టు పెంచవచ్చు. డాక్టరు గారు పెంచారు. అరగంటలో విడత ముగిసింది. నాంచారమ్మకు ఏ ఇబ్బందీ లేదు. నన్ను డాక్టరు గారు మెచ్చుకున్నారు. బెల్లం పాకం అని కూడా రాసి ఉంటే ఇంకా బాగుండేదని అన్నారు.

10వ రోజు

రెండో విడత. ఈసారి పావుగంట దాకా ఏమీ లేదు. తర్వాత ఆమె కళ్ళు మూసుకుని, "తీపుగా ఉంది" అంది.

నాకు భలే సంతోషం వేసింది. పులుపు, ఉప్పు, చేదు, వగరు, అన్నీ ఉకారంతోనే ముగుస్తాయి. తీపి ఒక్కటే ఎందుకు ఇకారంతో ముగియాలి? ఈ ఊరివాళ్ళు దాన్ని కూడా వరుసలో నిలబెట్టారు. మాటల పట్టీలో 'తీపు, అంటే తీపి' అని రాసుకుని, పలక మీద మాత్రం శుద్ధంగా 'తీపి' అని రాశాను. మామూలేనని ఆమెతో చెప్పాను. శక్తి ఒక మెట్టు పెరిగింది.

కాసేపటికి మళ్ళీ అదే మాట అంది. మళ్ళీ రాశాను. ఇంకో మెట్టు. మూడోసారి కొంచెం పొడవుగా ఏదో అంది కానీ ఫ్యాన్ల హోరులో కలిసిపోయింది. తీపు అన్న మాట మాత్రం విన్నాను. తీపి అని రాశాను. మూడో మెట్టు.

విడత ముగిశాక ఆమె నుదురంతా చెమట. గది ఉక్కగా ఉందని తెరల పక్కన చిన్న ఫ్యాను పెట్టాను.

12వ రోజు

నాంచారమ్మ ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ స్పర్శ లేదు. మందు ఇచ్చాక రెండు రోజులు ఉంచే చీకటి గదిలోంచి బయటికి రాగానే చెప్పులు కూడా వేసుకోకుండా మూడో పంపు దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. చిటికెన వేలు పంపుకు ఆనించి నిలబడింది. వేలు మార్చింది. మళ్ళీ ఆనించింది.

"ఆగిపోయిందా ఏంటిది?" అని నన్నడిగింది.

పంపు తిరుగుతూనే ఉంది. నా కాళ్ళ కింద నేల అదురుతోంది.

15వ రోజు

గడ్డ సగానికి తగ్గింది. వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. డాక్టరు గారు రెండో విడత లెక్కలన్నీ ముందు పెట్టుకుని పొద్దున్నుంచీ చూస్తున్నారు. మందు మోతాదు సరిగ్గా ఉంది. మూకుడు గురి సరిగ్గా ఉంది. వినికిడి రాత కూడా సరిగ్గానే ఉందని, ఎక్కడా నొప్పి మాట లేదని అన్నారు. నొప్పి కూడా తెలియకుండానే నరం దెబ్బతిందంటే, మందు ఈమె నరాల్లోకే చేరుతోందని అర్థం. అలాంటి ఒంటికి మూగమందు పనికిరాదు. ఇంకో విడత ఇస్తే ఉన్న మూడు వేళ్ళూ పోవచ్చు. ఇవ్వకుండా ఆపేస్తే గడ్డ మళ్ళీ పెరుగుతుంది.

ఎల్లుండి కాక అవతలి రోజు పడవ వస్తుంది. అందులో నాంచారమ్మను చెయ్యి తీసే ఆసుపత్రికి పంపుతారు. డాక్టరు గారు ఈ మాట చెప్పినప్పుడు నాంచారమ్మ ఉన్న మూడు వేళ్ళనూ మడిచి చూసుకుంది. కోటమ్మ గారు మాత్రం, "సగం కరిగింది కదమ్మా, ఇంకో సగానికేం వచ్చింది?" అని అడిగింది.

16వ రోజు

పొద్దున కోటమ్మ గారికి సాయంగా కట్ట మీదికి వెళ్ళాను. కోడలి బట్టలు ఆరేయడానికి పైన మాత్రమే ఎండ ఉంటుంది. ఎక్కేటప్పుడు సగం దిగుళ్ళ దగ్గర ఆవిడ కూలబడి పిక్కలు నొక్కుకుంది.

"నువ్వు పదమ్మడూ, నేను నిదానంగా వస్తా. పిక్కలు తీపులు పుడుతున్నాయి."

తడి బట్టల బుట్ట నా నడుం మీదే ఉంది. తీపులంటే ఏమిటని అడిగాను. ఆవిడ నా వైపు చూసి, కాసేపు నేను ఎగతాళి చేస్తున్నాననుకుంది.

"తీపులంటే తీపులే. లోపల ఎముక పట్టుకుని ఎవరో లాగుతున్నట్టు. నీకెప్పుడూ రాలేదా? వయసు మళ్ళాక వస్తాయిలే."

తియ్యగా ఉండడం కాదా అని అడిగాను. ఆవిడ నవ్వింది. "తియ్యగా ఉంటే ఇట్టా ఎందుకు కూలబడతా?"

మా ఇంట్లో నొప్పికి నొప్పి అనే అనేవాళ్ళు. బడిలోనూ అంతే. నేను ఆ మాట పుట్టాక వినలేదు. ఇది సాకుగా రాయడం లేదు, జరిగినట్టు రాస్తున్నాను. వినకపోవడం తప్పు కాదు. విన్నదాన్ని దిద్దడం తప్పు. నాంచారమ్మ మూడుసార్లు లోపల ఎముక లాగేస్తోందని చెబితే, నేను మూడుసార్లు తీపి అని రాశాను. మూడు మెట్లు ఎక్కించాను.

మాటల పట్టీ తీసి 'తీపు, అంటే తీపి' మీద ఒక్క గీత గీశాను. గీత కింద మాట కనిపిస్తూనే ఉంది.

రాత దిద్దిన వినికిడి విద్యార్థిని బడి వెనక్కి పిలుస్తుంది. మళ్ళీ తొట్టి పక్కన కూర్చోనివ్వరు. ఈ రోజంతా నీళ్ళు కాచాను. ఎవరికీ చెప్పలేదు.

17వ రోజు

పొయ్యి వెలిగించక ముందే డాక్టరు గారి గదికి వెళ్ళాను. నేను చెప్పేదాకా ఆవిడ టీ గ్లాసు కింద పెట్టలేదు. చెప్పాక పుస్తకం అడిగారు. చివరి ఆకుల్లో గీత కొట్టిన మాట దగ్గర వేలు పెట్టారు.

"ఇది మా అమ్మ రోజూ అనే మాట" అన్నారు. "నమాజు చేసి లేచేటప్పుడల్లా అనేది. నువ్వు తీపు అని ఒక్కసారి రాసుంటే నేను అక్కడికక్కడే ఆపేదాన్ని. నీకు అర్థం తెలియక్కర్లేదు తరళా, నాకు తెలుసు. నువ్వు నా దాకా రానివ్వలేదు."

తర్వాత ఆవిడ లెక్కలు మళ్ళీ తీశారు. ఈసారి చూపు వేరుగా ఉంది. నొప్పి తెలిసిందంటే నరం హెచ్చరించినట్టే. మందు నరంలో చేరలేదు, పెరిగిన శక్తే గడ్డ దాటి పక్కనున్న నరాన్ని తాకింది. అంటే ఈ ఒంటికి మూగమందు పనికొస్తుంది, మెట్టు పెంచకుండా ఇస్తే చాలు. దెబ్బతిన్న నరానికి తెరిపి కోసం మాత్రం మూడో విడతను ఇంకో అయిదు రోజులు ఆపుతామన్నారు. ఆవిడ పడవకు కబురు పంపి, రేపు రావద్దని చెప్పారు. బడికి ఉత్తరం కూడా రాశారు. అందులో ఏం రాశారో నాకు చదివి వినిపించారు. ఒక్క మాట కూడా ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"నాంచారమ్మకు నేను చెప్పను" అన్నారు. "నువ్వే చెప్పు."

17వ రోజు, రాత్రి

చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని, పట్టు తప్పిన కుడి చేత్తో వక్క ముక్కలు ఏరుతోంది. నేను చెప్పడం ముగిసినా ఏరుతూనే ఉంది. ఒక ముక్క జారి పడింది. చిటికెన వేలికి తగిలి పడినా ఆమెకు తెలియలేదు.

"నువ్వు మామూలేనన్నావు" అంది చివరికి. "చదువుకున్న పిల్ల మామూలేనంటే మామూలే కాబోలనుకున్నా. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నా. ఓర్చుకోకపోతే మందు పారబోసినట్టు అయిద్దేమోనని."

నేను క్షమించమని అడగబోయాను. చెయ్యెత్తి ఆపింది. మిగిలిన విడతలకు వేరే మనిషి కావాలంది. న్యాయమే. కానీ ఇంకో వినికిడి మనిషి రావాలంటే మూడు వారాలు పడుతుందని, మందు విడతల మధ్య అంత ఎడం పనికిరాదని డాక్టరు గారు వచ్చి చెప్పారు. నాంచారమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

పొద్దు వాలాక తనే పిలిచింది. నన్ను చూడకుండానే మాట్లాడింది.

"పంపు మొరాయించినప్పుడు నేనేం చేస్తానో తెలుసా? అది ఏమంటుందో వింటా. నాకు తోచినట్టు అంటుందనుకుంటే బేరింగు పోయిద్ది, ఊళ్ళోకి నీళ్ళొస్తాయి. కూర్చో. రాసుకో. నేను చెప్పేవి ఒక్కటీ దిద్దబాక."

రాసుకున్నాను. సలుపు అంటే గుండె కొట్టుకున్నట్టు వచ్చిపోయేది. పోటు అంటే ఒక్కచోట పొడిచేది. పీకు అంటే ఆగకుండా సన్నగా తొలిచేది. జివ్వుమనడం అంటే ఒక కొసనుంచి ఇంకో కొసకు పరుగెత్తేది. తీపు అంటే ఏమిటో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. మధ్యలో ఆగి, పీకు ఎలా ఉంటుందో మళ్ళీ చెప్పమని నన్ను అడిగేది. తప్పు చెబితే మొదటినుంచి. నా జీవితంలో ఇంత భయపడుతూ ఏ పాఠమూ చదవలేదు.

22వ రోజు

మూడో విడత. పన్నెండో నిమిషంలో నోరు తియ్యగా అయిందంది. రాశాను. మెట్టు పెంచలేదు. ఇరవయ్యో నిమిషంలో, "తీపు మొదలైంది" అంది. 'తీపు' అని రాశాను. ఉకారం కొమ్ము పూర్తిగా దిగకముందే మూకుడు మీది చిన్న దీపం ఆరిపోయింది. అద్దాల వెనక డాక్టరు గారు లేచి నిలబడ్డారు.

ఇంత తొందరగా ఆగేదన్నమాట.

28వ రోజు

నాలుగో విడత. పదిహేనో నిమిషంలో, "చెయ్యి మదమదలాడుతుంది" అంది. ఆ మాట నాకు తెలియదు. ఆ సాయంత్రం చెప్పినవాటిలోనూ లేదు. చెప్పింది చెప్పినట్టు రాశాను, కింద 'నాకు తెలియదు' అని రాశాను. దీపం ఆరింది. డాక్టరు గారు తలుపు తీసుకుని వచ్చి, అదేంటని ఆమెనే అడిగారు. ఆవిడకూ తెలియదు. అది పంపుల దగ్గరివాళ్ళ మాటట. నీళ్ళు లేకుండా పంపు వట్టిగా తిరిగితే వచ్చే వేడి. మూకుడు గురి వెంట్రుకవాసి జరిపి మళ్ళీ మొదలుపెట్టారు.

33వ రోజు

గడ్డ చింతగింజంత మిగిలింది. అది చచ్చిన కండేనని, మెల్లగా అదే పోతుందని డాక్టరు గారు చెప్పారు. చెయ్యి ఉంటుంది. ఉంగరపు వేలు గుచ్చితే ఏదో తెలుస్తోందట. చిటికెన వేలికి తెలియదు, ఇక తెలియకపోవచ్చు.

నాంచారమ్మ రెండు రోజుల్నుంచి ఎడమ చేతి చిటికెన వేలును పంపుకు ఆనించి నిలబడుతోంది. వినిపిస్తోందా అని కోటమ్మ గారు అడిగితే, ఇది ఇంకా పసిదని, దీనికి మాటలు రావాలని అంది.

బడి నుంచి ఉత్తరం వచ్చింది. రేపటి పడవలో నేను వెళ్ళాలి. ఈ పుస్తకం ఇక్కడే ఉంటుంది. తర్వాత వచ్చే విద్యార్థులు దీన్ని చదువుతారని డాక్టరు గారు అన్నారు. సాయంత్రం పుస్తకం తీసుకుని నాంచారమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె గురించి రాసిందంతా చదివి వినిపించాను. ఆమె పదో రోజు దగ్గర ఆపింది. ఆ ఆకు మళ్ళీ చదవమంది. చదివాను.

"మూడోసారి నేనన్నది హోరులో కలవలేదు" అంది. "నువ్వు నా మొహంలోకి చూసి జవాబు చెప్పావు. అది రాయి, రాతలమ్మా."

10వ రోజుకు సవరణ

'ఫ్యాన్ల హోరులో కలిసిపోయింది' అన్న మాటల మీద ఒక్క గీత గీశాను. కలవలేదు. నేను విన్నాను. కొత్త మాట దొరికిన సంతోషంలో ఉన్నాను.

ఆమె అన్నది: "తీపు ఎక్కువైపోయింది పిల్లా, ఆపమని అడగనా?"

నేను అన్నది: "వద్దండీ, మామూలే."